బ్యాకప్ సర్వర్ పెట్టాలంటే ఏమేం ఉండాలి?

తమ్ముళ్ళూ,

ఈసారి సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, "కథలూ కవితలూ పిల్లలే బాగా రాస్తున్నారు. మీరు చదువుకున్న చదువులోంచి పనికొచ్చే పాఠం ఒకటి రాయండి" అన్నారు. అందుకని పాఠమే రాస్తున్నాం. మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఆరు నుంచి పది దాకా ఉండి చదువుకున్నవాళ్ళం. ఈ సంవత్సరం ఎం.సి.ఏ. పూర్తి చేశాం. మా మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. కలం పట్టింది ఒకరే అయినా చేసిన పనీ, చేసిన తప్పులూ ముగ్గురివి కాబట్టి 'మేము' అనే రాస్తున్నాం.

లినక్స్ కంప్యూటర్ మీద బ్యాకప్ నిర్వహణ సర్వర్ ఎక్కించే ముందు చూసుకోవలసిన సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ గురించి ఈ పాఠం. పేరు పెద్దగా ఉంది గాని, మన స్టోరు రూమ్ పని తెలిసినవాళ్ళకు ఇది తెలియని విషయం కాదు. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే చాలు.

ఈ పాఠం మాకు ఎలా వచ్చింది

మూడో సెమిస్టర్‌లో మా ల్యాబ్‌లో ఒకే ఒక ఫైల్ సర్వర్ ఉండేది. అందరం మా పనంతా అందులోనే దాచుకునేవాళ్ళం. ఒక సోమవారం ఉదయం కరెంటు పోయి వచ్చాక అది లేవలేదు. హార్డ్ డిస్కు చెడిపోయింది. "కంగారు పడకండి, బ్యాకప్ ఉంది" అన్నారు. నిజంగానే బ్యాకప్ ఉంది. అయితే అది అదే డిస్కులో ఇంకో భాగంలో ఉంది. ఒకే ట్రంకు పెట్టెలో రెండు అరలు చేసుకుని, పైఅరలో బట్టలు పోతే కిందిఅరలో ఉంటాయిలే అనుకున్నట్టయింది. పెట్టే పోయింది.

మా నాలుగు నెలల ప్రాజెక్టు పోయింది. పెన్ డ్రైవ్‌లో ఆరు వారాల కిందటి ప్రతి ఒకటి మిగిలింది. దాన్ని పట్టుకుని రాత్రిళ్ళు కూర్చుని మళ్ళీ రాశాం, గట్టెక్కాం. కాని మాలో ఒకడు, ఫోన్ నిండిపోయిందని, వాళ్ళ నాయనమ్మ పాడిన నాట్ల పాటల రికార్డింగులు కూడా ఆ సర్వర్‌లోనే పెట్టాడు. ప్రాజెక్టు మళ్ళీ రాయగలిగాం. ఆ పాటలు మళ్ళీ పాడించుకోవడానికి నాయనమ్మ అప్పటికే లేదు.

ఆ తర్వాత విద్యార్థులు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు దాచుకోవడం మొదలుపెట్టారు. ల్యాబ్‌లో 20 కంప్యూటర్లు. మా సారు మూలనున్న పాత కంప్యూటర్ ఒకటి మాకు చూపించి, "దీన్ని బ్యాకప్ సర్వర్ చేయండి చూద్దాం" అన్నారు. రెండు కోర్ల ప్రాసెసర్, 2 జీబీ మెమరీ, 160 జీబీ డిస్కు. మేము రిక్వైర్‌మెంట్స్ పేజీ చదవకుండానే సాఫ్ట్‌వేర్ ఎక్కించేశాం. మూడుసార్లు దెబ్బతిన్నాం. ఆ మూడు దెబ్బలూ ఈ పాఠంలో వరుసగా వస్తాయి.

బకులా లోపల ఎవరెవరు ఉంటారు?

మేము వాడింది బకులా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. కెర్న్ సిబాల్డ్ అనే ఆయన 2000లో మొదలుపెట్టగా 2002లో ప్రజలకు విడుదలైంది. బ్యాకప్, డ్రాకులా అనే రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. రాత్రిపూట వచ్చి పని చేసుకుపోతుందని. ఇందులో నాలుగు ముఖ్య భాగాలున్నాయి. మన హాస్టల్‌తో పోల్చి చూడండి.

1. డైరెక్టర్: ఇది వార్డెన్ లాంటిది. ఏ రోజు, ఏ కంప్యూటర్ నుంచి, ఏ ఫైళ్ళు తీసుకోవాలో ఇదే చెబుతుంది.

2. స్టోరేజ్ డీమన్: ఇది స్టోరు రూమ్. వచ్చిన సరుకును 'వాల్యూమ్' అనే సంచుల్లో పోసి డిస్కులో గాని టేపులో గాని ఉంచుతుంది.

3. ఫైల్ డీమన్: బ్యాకప్ తీయవలసిన ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకటి ఉంటుంది. గదికొక లీడర్ ఉన్నట్టు. తన గది సరుకు తానే మోసుకెళ్ళి స్టోరుకు అప్పగిస్తుంది.

4. కేటలాగు: ఇది స్టాకు రిజిస్టరు. ఏ ఫైలు, ఏ తేదీన, ఏ సంచిలో పడిందో ఇందులో రాసి ఉంటుంది. ఇది ఒక డేటాబేస్. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గాని మైఎస్‌క్యూఎల్ గాని వాడతారు.

డైరెక్టర్, స్టోరేజ్ డీమన్, కేటలాగు మూడూ ఒకే యంత్రంలో ఉండవచ్చు. చిన్న ల్యాబ్‌కు అలాగే పెట్టుకుంటారు. కాబట్టి సర్వర్‌కు ఏం కావాలి అంటే ఈ మూడింటికీ కలిపి ఏం కావాలి అని అర్థం.

మొదటి లెక్క: డిస్కు

చాలామంది ముందు "ఎంత డిస్కు కొనాలి?" అని అడుగుతారు. దానికంటే ముందు అడగవలసింది "ఏది పోతే మళ్ళీ తయారు చేయలేం?" అని. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ ఎక్కించుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన సినిమా మళ్ళీ దొరుకుతుంది. విద్యార్థులు రాసిన ప్రోగ్రాములు, రిపోర్టులు, మార్కుల పట్టికలు దొరకవు. ఆ జాబితా రాసుకున్నాక మా ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్‌కు సుమారు 10 జీబీ తేలింది.

ఫుల్ బ్యాకప్ అంటే మొత్తం తీయడం. ఇంక్రిమెంటల్ అంటే కిందటిసారి తర్వాత మారినవి మాత్రమే తీయడం. నెలకొక ఫుల్, పనిరోజుల్లో ఇంక్రిమెంటల్ అనుకున్నాం. రోజుకు 2 శాతం మారుతుందని, పనిరోజులు 25 అని లెక్క వేశాం.

ఒక ఫుల్: 20 × 10 = 200 జీబీ
ఒక నెల ఇంక్రిమెంటల్: 200లో 2 శాతం, అంటే 4 జీబీ × 25 = 100 జీబీ
ఒక నెలకు మొత్తం: 300 జీబీ
రెండు నెలలు నిలవ ఉంచాలంటే: 600 జీబీ

ఇక్కడితో ఆగితే తప్పు. మూడో నెల ఫుల్ పూర్తయ్యేదాకా మొదటి నెలది తీసేయకూడదు. కొత్త బియ్యం లోపలికి రాకముందే పాతవి ఖాళీ చేసేస్తే ఆ పూట లారీ రాకపోతే ఏం వండుతారు? కాబట్టి ఇంకో 200 కలపాలి. మొత్తం 800 జీబీ.

అయితే 1 టీబీ డిస్కు సరిపోతుందా? కంపెనీవాళ్ళు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. కంప్యూటర్ 1024 చొప్పున లెక్క కట్టి దాన్ని 931 అని చూపిస్తుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అందులో 5 శాతం రూట్ వాడుకకని మామూలుగా పక్కన పెడుతుంది. మిగిలింది 885 దాకా. 800 పోస్తే అంచు దాకా నిండినట్టే. అందుకని 2 టీబీ రాసుకున్నాం. కుదింపు వల్ల సగం తగ్గుతుందిలే అని మాత్రం లెక్క వేయకండి. ఫొటోలు, వీడియోలు, జిప్ ఫైళ్ళు ముందే కుదించి ఉంటాయి, ఇంక కుదరవు.

మా మొదటి దెబ్బ ఇక్కడే. 160 జీబీ డిస్కు మీద నాలుగు కంప్యూటర్లతో మొదలుపెట్టాం. నెలకు 60 జీబీ చొప్పున రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల ఫుల్ మధ్యలో డిస్కు నిండి ఆగిపోయింది. పాతవి తమంతట తామే పోతాయి అనుకున్నాం. కాని మనం మార్చకపోతే బకులా ఒక్కో వాల్యూమ్‌ను 365 రోజులు ఉంచుతుంది. వాల్యూమ్‌కు గరిష్ఠ పరిమాణం కూడా మనం చెప్పకపోతే ఒకే సంచి పెరుగుతూనే పోతుంది. గడువు, పరిమాణం రెండూ ముందే రాయాలి. ఎంత డిస్కు కావాలన్నది ఆ రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటుంది.

రెండో లెక్క: కేటలాగు

రిజిస్టరుకు కూడా చోటు కావాలి. ఒక్కో ఫైలు నమోదుకు సుమారు 150 బైట్లు అనుకోవచ్చు. కంప్యూటర్‌కు 50,000 ఫైళ్ళు చొప్పున 20 కంప్యూటర్లకు 10 లక్షలు. నెలకు ఫుల్‌లో 10 లక్షలు, ఇంక్రిమెంటల్స్‌లో రోజుకు 20,000 చొప్పున 5 లక్షలు. రెండు నెలలకు 30 లక్షలు, మూడో ఫుల్‌తో కలిపి 40 లక్షల నమోదులు. 150తో హెచ్చిస్తే 60 కోట్ల బైట్లు, అంటే సుమారు 600 ఎంబీ. ఇండెక్సులకు, డేటాబేస్ సర్దుబాటుకు, దాని సొంత ప్రతికి కలిపి 5 జీబీ వదిలితే నిశ్చింత.

కేటలాగును వాల్యూమ్‌లున్న డిస్కులో కాక వేరే డిస్కులో పెట్టండి. స్టోరు నిండినా రిజిస్టరు రాయడం ఆగకూడదు. రిజిస్టరు పోతే స్టోరులో సరుకు ఉన్నా ఏది ఎక్కడుందో తెలియదు. అప్పుడు బీస్కాన్ అనే పనిముట్టుతో ఒక్కో సంచీ విప్పి చదివి రిజిస్టరు మళ్ళీ రాయించవచ్చు గాని, చాలా సమయం పడుతుంది. అందుకే రోజూ చివర కేటలాగును కూడా బ్యాకప్ తీయాలి.

మూడో లెక్క: మెమరీ, ప్రాసెసర్

మా స్థాయి ల్యాబ్‌కు డెస్క్‌టాప్ తెరలు ఎక్కించకుండా 2 జీబీతో నడిచింది. 4 జీబీ పెట్టాక హాయిగా నడిచింది. ఒక సంగతి గుర్తుంచుకోండి. బ్యాకప్ తీసేటప్పటికంటే తిరిగి ఇచ్చేటప్పుడు మెమరీ ఎక్కువ కావాలి. మనం ఏ ఫైలు కావాలో ఎంచుకునేందుకు బకులా మొత్తం ఫోల్డర్ల చెట్టును మెమరీలో నిలబెడుతుంది. లక్షల ఫైళ్ళుంటే ఆ చెట్టు పెద్దదవుతుంది. అవసరం పడిన రోజునే యంత్రం చాలక కూలబడకూడదు కదా.

ప్రాసెసర్ రెండు కోర్లు చాలు. కుదించే పని సర్వర్ చేయదు, ఆయా కంప్యూటర్లలోని ఫైల్ డీమన్లే చేసి పంపుతాయి.

నాలుగో లెక్క: దారి, సమయం

సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ అంటే కాగితం మీద 12.5 మెగాబైట్లు. చేతికి 10 వస్తాయి అనుకోండి. 200 జీబీ పంపడానికి 20,000 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు. రాత్రంతా ఉంది కదా అనుకుంటాం. కాని మన ల్యాబుల్లో సాయంత్రం ఐదింటికి మెయిన్ స్విచ్ కట్టేస్తారు! పుస్తకంలో రాసిన రాత్రి షెడ్యూలు మనకు పనికిరాదు. అందుకని రోజుకు నాలుగు కంప్యూటర్ల చొప్పున ఐదు రోజులకు ఫుల్ పంచుకున్నాం. 40 జీబీకి గంటా పది నిమిషాల లోపే. భోజనాల వేళకు సరిపోయింది.

సర్వర్‌కు యూపీఎస్ తప్పనిసరి. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు పోతే దెబ్బ ముందు తగిలేది కేటలాగుకే.

లినక్స్ వైపు చూసుకోవలసినవి

1. వెర్షన్: ఇంకా భద్రతా సవరణలు అందుతున్న లినక్స్‌నే ఎంచుకోవాలి. ఎన్నో ల్యాబుల్లో కనిపించే సెంట్ఓఎస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. డెబియన్, ఉబుంటు ఎల్‌టీఎస్, రాకీ లినక్స్ వంటి వాటిలో కొత్త విడుదలలు తీసుకోండి.

2. బకులా భాగాల వెర్షన్లు: డైరెక్టర్, స్టోరేజ్ డీమన్ ఒకే వెర్షన్‌వి కావాలి. కంప్యూటర్లలోని ఫైల్ డీమన్ వాటికంటే పాతదైనా నడుస్తుంది, కొత్తది మాత్రం కాకూడదు. అందుకే ముందు సర్వర్‌ను, తర్వాత కంప్యూటర్లను నవీకరించాలి.

3. పోర్టులు: డైరెక్టర్‌కు 9101, ఫైల్ డీమన్‌కు 9102, స్టోరేజ్ డీమన్‌కు 9103. ఫైర్‌వాల్‌లో ల్యాబ్ లోపలివాళ్ళకు మాత్రమే ఈ మూడు తలుపులూ తెరవాలి.

4. చిరునామా: ఇది మా రెండో దెబ్బ. సర్వర్ తన బ్యాకప్ తాను చక్కగా తీసుకుంటోంది, మిగతా కంప్యూటర్లవి ఒక్కటీ రావడం లేదు. మూడు రోజులు తలలు పట్టుకున్నాం. స్టోరేజ్ చిరునామా దగ్గర 'లోకల్‌హోస్ట్' అని ఉంది. లోకల్‌హోస్ట్ అంటే 'నేనే' అని. డైరెక్టర్ ఆ చీటీని అలాగే ప్రతి కంప్యూటర్‌కూ ఇస్తుంది. "సరుకు మన స్టోరులో వేయి" అని చీటీ రాస్తే పక్క ఊరి హాస్టల్ కుర్రాడు వాళ్ళ స్టోరుకే వెళ్తాడు కదా. స్టోరేజ్ డీమన్ కూడా 127.0.0.1 దగ్గరే, అంటే సొంత యంత్రం మాటలే వింటూ కూర్చుంది. రెండుచోట్లా సర్వర్ అసలు చిరునామా రాశాక దారిలో పడింది. సర్వర్‌కు మారని చిరునామా ఇవ్వాలి.

5. గడియారం: ఇది మూడో దెబ్బ. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీద నాణెం అంత బ్యాటరీ అయిపోయింది. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోయేది. ఏ రోజు ఫుల్, ఏ రోజు ఇంక్రిమెంటల్, ఏ సంచి గడువు తీరింది అనే లెక్కలన్నీ సర్వర్ తేదీని బట్టే నడుస్తాయి. కొత్త బ్యాటరీ వేసి, నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసుకునే క్రోనీ ఎక్కించాం.

యంత్రం సంగతి తెలుసుకోవడానికి టెర్మినల్‌లో చిన్న ఆజ్ఞలున్నాయి. డీఎఫ్ కొడితే డిస్కు ఖాళీ, ఫ్రీ కొడితే మెమరీ, ఎల్‌ఎస్‌సీపీయూ కొడితే ప్రాసెసర్, డేట్ కొడితే తేదీ చెబుతాయి. ఎక్కించే ముందు ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి.

పెద్దవాళ్ళకూ తప్పలేదు

ఇవన్నీ పాత కంప్యూటర్ల బాధలు అనుకోకండి. ప్రపంచమంతా ప్రోగ్రాములు దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లోని డేటాబేస్‌ను తుడిచేశారు. సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ చూడబోతే అక్కడ ఏమీ లేదు. కారణం? డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.6, దాని ప్రతి తీసే పనిముట్టు 9.2. వెర్షన్లు కలవక ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. ఆ సంస్థ దాచకుండా జరిగిందంతా తనే ప్రకటించింది.

అక్కడ డబ్బుకు, డిస్కుకు, మెమరీకి కొదవ లేదు. రిక్వైర్‌మెంట్స్‌లో 'వెర్షన్' అనే ఒక్క గీత దగ్గర జారింది. మన బకులా కేటలాగు ప్రతి తీసేది కూడా అదే రకం పనిముట్టుతోనే. కాబట్టి ఆ గీతను తేలిగ్గా తీసుకోకండి.

చివరి రిక్వైర్‌మెంట్: తిరిగి తెచ్చి చూడటం

ఏ కంపెనీ పట్టికలోనూ పెద్ద అక్షరాలతో ఉండదు గాని, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 'బ్యాకప్ ఓకే' అని తెర మీద కనిపించడం బ్యాకప్ కాదు. పోయిన ఫైలు తిరిగి చేతికి వస్తేనే బ్యాకప్. నెలకోసారి ఏదో ఒక కంప్యూటర్ నుంచి ఒక ఫోల్డర్ ఎంచి, వేరేచోటికి తిరిగి తెచ్చి, అసలుతో పోల్చి చూశాం. తేదీ, ఫోల్డర్ పేరు, పట్టిన సమయం రాసి సారుతో సంతకం పెట్టించాం. ఆ తనిఖీకి ఖాళీ చోటు, ఒక మనిషి, ఒక గంట కావాలి. అవీ రిక్వైర్‌మెంట్సే.

ఇంకొకటి, 3-2-1 సూత్రం. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. మేము 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి అడిగి తీసుకుని, తాజా ఫుల్‌ను, తర్వాతి ఇంక్రిమెంటల్స్‌ను అందులోకి ఎక్కించి, వేరే బ్లాకులో ఉన్న బీరువాలో పెట్టాం.

ఒకచోట చూసుకోండి

20 కంప్యూటర్ల ల్యాబ్‌కు మేము చివరికి రాసి ఇచ్చిన జాబితా:

ప్రాసెసర్: 64 బిట్లది, రెండు కోర్లు
మెమరీ: 4 జీబీ
సిస్టమ్, కేటలాగులకు: వేరే చిన్న డిస్కు (పాత 160 జీబీది సరిపోయింది)
వాల్యూమ్‌లకు: 2 టీబీ
బయట ఉంచేందుకు: 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు
మారని చిరునామా, సరైన గడియారం, యూపీఎస్
నెలకోసారి తనిఖీకి ఒక గంట

కొత్తగా కొన్నవి మెమరీ, డిస్కులు, నాణెం బ్యాటరీ మాత్రమే. యంత్రం పాతదే.

మీరే చేయండి

1. 8 కంప్యూటర్లు, ఒక్కోదానిలో 25 జీబీ, రోజుకు 1 శాతం మార్పు, 25 పనిరోజులు. రెండు నెలలు నిలవ ఉంచాలంటే ఎంత డిస్కు కావాలి? మూడో ఫుల్ మరవకండి. (జవాబు: 700 జీబీ)

2. సెకనుకు 10 మెగాబైట్ల చొప్పున 36 జీబీ పంపడానికి ఎంతసేపు? (జవాబు: సుమారు ఒక గంట)

తమ్ముళ్ళూ, మీలో చాలామందికి ఇప్పుడే సర్వర్ పెట్టే పని పడకపోవచ్చు. కాని పదో తరగతి మెమో, స్టడీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీ అందరికీ ఉన్నాయి. పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి అమ్మానాన్నలు ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలో మీకు తెలుసు. అసలువి ట్రంకు పెట్టెలో ఉంటే, స్కాన్ చేసినవి ఒకటి ఈమెయిల్‌లో, ఒకటి ఇంట్లో పెన్ డ్రైవ్‌లో ఉంచండి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో దొరికేవి అందులోనూ తీసుకోండి. నెలకోసారి తెరిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు పాటలు పాడినా, పాత సంగతులు చెప్పినా రికార్డు చేసి రెండుచోట్ల దాచండి.

ఆదివారాల్లో మేము హాస్టల్‌కు వస్తూనే ఉంటాం. పాత కంప్యూటర్ ఎక్కడైనా మూలన పడి ఉంటే చెప్పండి. కలిసి కూర్చుని నేర్చుకుందాం.

— మీ పూర్వ విద్యార్థులు